తుఫానుల నెలలకు ముందు: గ్యారేజీ తలుపుకు మోటారు కొనేవారు చూసుకోవలసిన జాగ్రత్తలు

కిందటి నెలలో ఒక సాయంత్రం విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో నాకు తెలిసిన ఒక ఇంట్లో గ్యారేజీ తలుపు సగం లేచి ఉండగా కరెంటు పోయింది. కారు లోపల ఉంది, ఇంటాయనకు రైలు వేళ మించిపోతోంది. మోటారు దగ్గర వేలాడే ఎర్ర తాడు లాగితే తలుపు చేతికి వస్తుందని బిగించినవారు చెప్పి వెళ్లారు కనుక ఆయన తలుపు కిందనే నిలబడి తాడు లాగారు. తలుపు చేతికి రాలేదు, నేరుగా కాలి మీదికి వచ్చింది. ఎడమ పాదంలో రెండు ఎముకలు విరిగాయి.

మరునాడు వెళ్లి చూశాను. పలకలు పలకలుగా పైకి వెళ్లి కప్పు కింద పడుకునే రకం తలుపు, బరువు వంద కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గుమ్మం పైన కడ్డీకి చుట్టిన రెండు స్ప్రింగుల్లో ఒకటి తెగి, తెగిన చోట రెండు అంగుళాల ఖాళీ కనిపిస్తోంది. అది ముందురోజు తెగినదైతే తెగిన ముఖం తెల్లగా మెరవాలి. వేలితో తుడిస్తే ఎర్రటి తుప్పు అంటింది. అంటే ఆ స్ప్రింగు ఎన్ని వారాల కిందటో తెగింది. అది మోయవలసిన సగం బరువును అప్పటి నుంచి మోటారు మోస్తూ వచ్చింది. తాడు లాగగానే మోటారు పట్టు వదిలింది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం ఒక్కటే: రిమోటు నొక్కితే తలుపు లేస్తూనే ఉంది.

ఇళ్లకు షట్టర్లు, గేట్లు బిగించే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. ఏ కంపెనీ మోటారు మంచిదని అందరూ అడుగుతారు కానీ, తలుపు మంచిగా ఉందా అని అడిగినవారు వేళ్ల మీద లెక్కించేంతమంది. అందుకని తెలిసిన సంగతులను పక్కన పెట్టి, అసలు సంగతినే మొదట చెబుతాను. చేత్తో లేవని తలుపుకు మోటారు బిగించకండి.

తలుపును లేపేది మోటారు కాదు, స్ప్రింగులు. తలుపు ఎంత బరువు ఉంటుందో దాదాపు అంత బరువును స్ప్రింగులు పైకి లాగి పట్టుకుంటాయి. మిగిలిన కొద్దిపాటి తేడాను, రాపిడిని దాటించడమే మోటారు పని. ఇది అర్థం కాకపోవడం వల్లనే తలుపు బరువెక్కిన ప్రతిసారీ జనం పెద్ద మోటారు కోసం వెతుకుతారు. వెయ్యి న్యూటన్ల మోటారు ఉజ్జాయింపుగా వంద కిలోల బరువును లాగగలదు కనుక దుకాణంలో ఆ లెక్క చెబితే వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ లెక్కలో చెప్పనిది ఏమిటంటే, అంత బలంతో లేపే యంత్రం అంత బలంతోనే దింపగలదు కూడా. మంచం మీద కట్టుతో పడుకుని ఉన్న ఆ పెద్దమనిషి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఈసారి ఇంకా పెద్దది పెట్టిద్దామా అన్నదే.

పరీక్ష చాలా సులువు. ఇప్పటికే మోటారు ఉంటే తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు మాత్రమే తాడు లాగి మోటారును విడదీయాలి. తరువాత ఒక్కరే రెండు చేతులతో తలుపును నడుము ఎత్తుకు లేపి, పాదాలను దూరంగా ఉంచుకుని, మెల్లగా పట్టు సడలించి చూడాలి. తలుపు ఉన్నచోటనే నిలబడితే, లేదా ఒక బెత్తెడు మాత్రమే అటూ ఇటూ కదిలితే స్ప్రింగులు సరిగా ఉన్నట్టు. కిందికి దిగజారితే, లేదా లేపడానికే ఇద్దరు కావలసి వస్తే, మోటారు మాట ఆపి స్ప్రింగుల సంగతి చూడాలి. స్ప్రింగును మాత్రం మీరు ముట్టుకోకూడదు. చుట్టి ఉన్న స్ప్రింగులో తలుపు బరువంతా దాగి ఉంటుంది. స్పానరు జారితే మణికట్టు విరుగుతుంది. ఆ పని తెలిసినవాడే, సరైన కడ్డీలతో చేయాలి.

మన ఊళ్లో ఎక్కువగా కనిపించే చుట్టుకునే ఇనుప షట్టర్లలో కొన్నింటికి పైనున్న గొట్టంలోనే స్ప్రింగులు ఉంటాయి, వాటికీ ఇదే పరీక్ష. పక్కన గొలుసు లాగి ఎత్తే గేరు షట్టర్లు వేరు: వాటి బరువంతా గేరు మీద, మోటారు బిగిస్తే మోటారు బ్రేకు మీద ఆధారపడి ఉంటుంది. ఒక మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది; పట్టీలు ఒకదానిలో ఒకటి కొక్కీలా దిగి ఉంటాయి కనుక షట్టరు బరువు అంతకన్నా ఎక్కువే అవుతుంది. అటువంటి షట్టరుకు మోటారు కొనేటప్పుడు, గొలుసు తెగినా బ్రేకు జారినా షట్టరును పడిపోకుండా గాలిలోనే పట్టి ఆపే పరికరం విడిగా ఉందా అని అడిగి, ఉంటేనే కొనాలి.

బరువెక్కిన తలుపుతో రెండో ప్రమాదం కంటికి కనిపించదు. మోటారు పెట్టెలో బలాన్ని పెంచి తగ్గించే మర ఒకటి ఉంటుంది. తలుపు మధ్యలో ఆగిపోతోందని ఫిర్యాదు చేయగానే వచ్చిన కుర్రాడు ఆ మరను చివరి వరకు తిప్పేసి, తలుపు నడిచింది కదా అని డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఇక ఆ తలుపు కింద ఇటుక ఉన్నా, పిల్లవాడి వీపు ఉన్నా మోటారుకు తేడా తెలియదు. అమెరికాలో 1993 జనవరి నుంచి ఇళ్ల కోసం తయారయ్యే ప్రతి గ్యారేజీ మోటారుకూ, అడ్డు తగిలితే వెనక్కు తిరిగే ఏర్పాటుతో పాటు, కింద ఎవరూ చిక్కుకోకుండా కాపాడే మరో ఏర్పాటు కూడా చట్టప్రకారం తప్పనిసరి చేసింది తలుపుల కింద పిల్లలు నలిగి చనిపోయిన తరువాతనే. నేలకు ఆరు అంగుళాలు మించని ఎత్తులో ఇరువైపులా ఎదురెదురుగా పెట్టే, మధ్యలో ఎవరైనా అడ్డు వస్తే తలుపును వెనక్కు తిప్పే కాంతి సెన్సార్లు అప్పటి నుంచే సాధారణమయ్యాయి. ఇక్కడ మాత్రం షట్టరు మోటారును సెన్సారు లేకుండానే రిమోటుతో అమ్మేవారు ఉన్నారు. సెన్సారు లేని తలుపుకు రిమోటు ఉండకూడదు. తలుపు కనిపించే చోట గోడకు, పిల్లలకు అందని ఎత్తులో, నొక్కి పట్టుకున్నంతసేపే పనిచేసే స్విచ్ ఒకటి చాలు.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే అక్టోబరు, నవంబరు మన తీరానికి గండం ఉన్న నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు వరుసగా నేలకొరిగి, నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. మోటారు ఉన్న తలుపు కరెంటు లేనప్పుడు ఎలా తెరుచుకుంటుంది అన్న ప్రశ్నకు కొనేముందే జవాబు ఉండాలి. కాలిఫోర్నియాలో 2017లో కార్చిచ్చులు చెలరేగినప్పుడు కరెంటు లేక కొందరు గ్యారేజీ తలుపులు తెరుచుకోలేకపోయారు. ఆ తరువాత 2019 జులై నుంచి అక్కడ అమ్మే ఇంటి మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు. మనకు అటువంటి నిబంధన లేకపోయినా 24 వోల్టుల డీసీ మోటారు, దానికి సొంత బ్యాటరీ ఉన్నదానినే ఎంచుకోవడం మంచిది. బ్యాటరీ కొన్ని సార్లు మాత్రమే తలుపును లేపుతుంది. తలుపు బరువుగా ఉంటే ఆ కొన్ని సార్లు కూడా లేపదు. చివరికి మళ్లీ చేతితోనే లేపాలి. కనుక మళ్లీ చెబుతున్నాను: చేత్తో లేవని తలుపుకు మోటారు బిగించకండి.

గ్యారేజీలోకి ఇంట్లో నుంచి మరో దారి లేకపోతే ఎర్ర తాడు లోపల ఉండి ప్రయోజనం లేదు. బయటి నుంచి తాళంచెవితో మోటారును విడదీసే ఏర్పాటు పెట్టించాలి; అదేమీ పెద్ద ఖర్చు కాదు, దాని గురించి దుకాణదారు తనంతట తాను చెప్పడు కూడా.

మోటారు రకాల గురించి ఎక్కువ చెప్పవలసిందేమీ లేదు. చెయిన్‌ది చవక, చప్పుడు ఎక్కువ. పైన పడకగది ఉంటే బెల్టుది తీసుకోవచ్చు. కప్పు తక్కువ ఎత్తులో ఉంటే గోడకు పక్కన బిగించే రకం ఉంది. లాసన్స్ బే కాలనీలోనో ఋషికొండ వైపునో సముద్రానికి ఎదురుగా ఇల్లు ఉన్నవారు మాత్రం రకం కన్నా తుప్పు గురించి ఎక్కువ ఆలోచించాలి. ఉప్పుగాలికి చెయిన్ బిగుసుకుంటుంది, సర్క్యూటు బోర్డు మీద ఆకుపచ్చ పొడి పేరుకుంటుంది, స్ప్రింగును లోలోపల తుప్పు తినేస్తుంది. మామూలు స్ప్రింగును సాధారణంగా పదివేల సార్లు తెరిచి మూయడానికి తగినట్టు చేస్తారు. రోజుకు నాలుగు సార్లు వాడితే దాదాపు ఏడేళ్లు. సముద్రపు ఒడ్డున ఆ ఏడేళ్లను నమ్ముకోవద్దు. రెండు స్ప్రింగుల్లో ఒకటి తెగితే రెండూ మార్చండి, ఎందుకంటే రెండోదాని వయసు కూడా అంతే.

అమెరికా నుంచి పిల్లలు పెట్టెలో పెట్టి తెచ్చిన మోటారును బిగించమని ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరికి వస్తారు. అది 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసినది. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని దించుతుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు, విడిభాగాలు ఇక్కడ దొరకవు. పిల్లల ప్రేమను కాదనడం కష్టమే అయినా నేను బిగించను.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను, ఏదీ వదలకండి. ఒకటిన్నర అంగుళాల మందం గల చెక్కను తలుపు దిగే చోట నేల మీద పెట్టి మూయండి. తలుపు చెక్కను తాకి వెంటనే వెనక్కు లేవకపోతే ఆ రోజు నుంచి మోటారు ఆపేయండి. ఈ పరీక్ష నెలకు ఒకసారి చేయండి. తలుపు సగంలో ఉండగా ఎర్ర తాడు లాగవద్దు. తలుపు కింద నిలబడి అసలే లాగవద్దు. సెన్సారు తుడవడానికి బద్ధకించి దాన్ని వైరుతో కలిపేసి పనిచేయకుండా చేసిన మెకానిక్కును మళ్లీ ఇంటికి పిలవవద్దు. రిమోటును పిల్లల చేతికి ఇవ్వవద్దు. షట్టరు మోటార్లు కొన్ని నిమిషాలు వరుసగా తిరిగితే వేడెక్కి, షట్టరు ఎక్కడ ఉంటే అక్కడే ఆగిపోతాయి. ప్రతిసారీ కోడు మారే రిమోటునే కొనండి, ఎందుకంటే ఒకే కోడు ఉండేదానికి నకలు చేయడం చిటికెలో పని. మోటారుకు విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగు, ఉరుముల వేళ కాపాడే సర్జ్ పరికరం పెట్టించండి. సెల్లారులో నీళ్లు నిలిచే ఇల్లయితే కంట్రోలు పెట్టెను కిందటి వానలో నీరు ఎక్కిన గీతకు బాగా పైన బిగించండి. పట్టాలకు గ్రీజు దట్టంగా పూయవద్దు, ఇసుక అంటుకుని గట్టిపడుతుంది. తుడిచి శుభ్రం చేయడం చాలు.

తుఫాను హెచ్చరిక రాగానే మోటారు ప్లగ్గు తీసి, బ్యాటరీ ఉంటే దాన్నీ విడదీసి, ఆ తరువాతనే తలుపుకు గడియలు, తాళాలు వేయండి. తాళం ఉండగా ఎవరో అలవాటుగా రిమోటు నొక్కితే పలకలు వంగిపోతాయి. గాలి వీస్తుండగా తలుపు తెరవవద్దు, ఒకసారి గాలి లోపలికి దూరితే తలుపు పట్టాల్లో నిలబడదు. అవసరం పడుతుందనుకుంటే కారును ముందే బయటికి తీసి, చెట్లకు, హోర్డింగులకు దూరంగా పెట్టుకోండి. మూసిన గ్యారేజీలో జనరేటరు నడపవద్దు, దాని పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. కరెంటు తిరిగి వచ్చిన వెంటనే రిమోటు నొక్కవద్దు. ముందు తల పైకెత్తి రెండు స్ప్రింగులనూ ఈ చివర నుంచి ఆ చివర వరకు చూడండి, ఎక్కడైనా రెండు అంగుళాల ఖాళీ కనిపిస్తే తలుపు ముట్టుకోకుండా పని తెలిసినవాడిని పిలవండి.