పార్కిన్సన్స్ ఉన్నోళ్ళకి మాట సాధన, పాఠం 3: ఇంట్లో వాడకూడని రెండు మాటలు

పోయిన పాఠం చేసినోళ్ళలో చానామందికి గొంతు నొప్పి పుట్టింది, ఒకాయనకైతే రెండు రోజులు బొంగురు పోయింది. తప్పు నాది. "గట్టిగా ఆ... అనండి" అని రాసినాను, మీరు గొంతు గట్టిగా బిగబట్టి అన్నారు. గట్టి అంటే పెద్ద శబ్దమూ అవుతుంది, బిగువూ అవుతుంది కదా. ఇకమీద నేను "పెద్దగా" అనే రాస్తాను. మిద్దె మీదున్న మనిషిని కింద నుంచి పిలిచినట్టు, నోరు బాగా తెరిచి. మెడ నరాలు తేలితే ఆపేయండి. రెండు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాల్సిందే. ఊపిరి సంగతి మొదటి పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను.

రెండో మాట "మెల్లగా". దీంతో నాకు చానా బాధ. పెద్దాయన మాటలు గబగబా దొర్లుతుంటాయి, కోడలు "మెల్లగా మాట్లాడు మామా" అంటుంది, ఆమె అడిగింది వేగం తగ్గించమని, ఆయన తగ్గించేది గొంతు. అసలే ఈ జబ్బులో గొంతు సన్నబడుతుంది, ఇంకా సన్నబడి గుసగుస అవుతుంది. అప్పుడు కొడుకు "వినపడలా, గట్టిగా" అంటాడు, గొంతు బిగుస్తుంది, మళ్ళీ కోడలు "మెల్లగా" అంటుంది. రోజుకి ఇరవైసార్లు ఇట్లా జరిగితే ఆ మనిషి మాట్లాడ్డమే మానేస్తాడు, మానేసినోళ్ళని నేను చూసినాను. "నిదానంగా" అన్నా నాకిష్టం లేదు, దానికీ "పెద్దగా" అనే చెప్పండి. గొంతు పెద్దదైతే నోరు పెద్దగా తెరుచుకుంటుంది, అక్షరాలు తేలతాయి, చానామందికి వేగం కూడా దానంతటదే సర్దుకుంటుంది. 1987లో అమెరికాలో లొరెయిన్ రేమిగ్ వాళ్ళు మొదలుపెట్టిన ఎల్ఎస్‌వీటీ అనే పార్కిన్సన్స్ మాట సాధన పద్ధతికి కూడా ఇదే ప్రాణం, వారానికి 4 రోజులు, 4 వారాలు, రోజూ గంట, గురి మాత్రం ఒక్కటే, గొంతు పెద్దది చేయడం.

"నేను అరుస్తానే ఉండాను, వీళ్ళకే చెవుడు" అంటారు చానామంది. అబద్ధం కాదు, వాళ్ళకి నిజంగా అట్లే అనిపిస్తుంది, చేతిరాత చిన్నదైపోయినా తెలియనట్టే గొంతు కొలత కూడా లోపల తప్పుతుంది. వాదించొద్దు, ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి.

ధర్మవరం నుంచి వచ్చే ఒక నేత పెద్దాయనకి నేను ఎన్ని చెప్పినా గొంతు లేవలేదు, "మగ్గం ఆడుతున్నప్పుడు పక్క మగ్గమాయన్ని పిలువు నాయనా" అన్న్యాను, గది మోగింది! చప్పుడులో మనిషి గొంతు దానంతటదే లేస్తుంది, దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. చేను, సంత, బస్టాండు, మీ వాళ్ళు ఏ చప్పుడులో బతికినారో అది గుర్తు చేయండి.

పార్కిన్సన్స్ మాత్ర పని చేసే టైములోనే సాధన పెట్టుకోండి, కానీ మాత్రతోనే మాట బాగుపడుతుందని కూర్చోవద్దు, కాళ్ళూ చేతులకి పని చేసినంతగా మాటకి చేయదు. నీళ్ళు తాగితే పొలమారుతుంటే మాత్రం ముందు డాక్టర్‌కి చెప్పండి.

ఈ వారం సాధన: రోజూ ఇంట్లో వాడే 10 వాక్యాలు, ఒక్కొక్కటి 5 సార్లు, పెద్దగా. "నా మాత్ర యాడ పెట్నావు?", "ఇంకొంచెం సంగటి పెట్టు", "ఫ్యాన్ ఆపప్పా" ఇట్లాంటివి, మిగతావి మీవి మీరే రాసుకోండి. ఆదివారం పండ్ల బండి దగ్గరికి పోయి సాధన చేసే మనిషే బేరమాడాల, ఇంట్లోవాళ్ళు మీరు నాలుగడుగులు వెనక నిలబడి నోరు మెదపొద్దు. బండాయన "ఏంది?" అని ఎన్నిసార్లు అడిగినాడో లెక్క రాసి నాకు పంపండి, పాఠం 4 ఆ లెక్కలు చూసినాకే రాస్తాను.