పాత లోహ సామానును అంగడికి వేసే ముందు వేరు చేయడం ఎలా?

సంక్రాంతికి సున్నం కొట్టించే ముందు తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. చిల్లుపడిన సత్తు (అల్యూమినియం) గిన్నెనూ, కాలిపోయిన మిక్సీనీ, తుప్పు పట్టిన గొళ్ళేన్నీ ఒకే గోనెసంచిలో కుక్కి పాత ఇనుము అంగడికి వేస్తే, కాటా మీద అన్నింటికీ ఇనుము ధరే కట్టవచ్చు. అంతకు మించిన నష్టం కొలిమిలో జరుగుతుంది. కరిగిన ఉక్కులో కలిసిన రాగిని తిరిగి వేరు చేయడం దాదాపు అసాధ్యం; అది మోతాదు మించితే, వేడి మీద ఉక్కును సాగదీసేటప్పుడు పైన పగుళ్ళు వస్తాయి. అందువల్ల లోహం నాణ్యత చెడకుండా మళ్ళీ మళ్ళీ వాడుకలోకి రావాలంటే వేరు చేసే పని ఇంట్లోనే మొదలుపెట్టడం మేలు.

పాత స్పీకరులోని అయస్కాంతం ఒకటి చేతిలో ఉంచుకోండి. గట్టిగా అతుక్కున్నది చాలావరకు ఇనుమే. మంచి స్టీలు గిన్నెలు సాధారణంగా అతుక్కోవు, చౌక రకాలు కొన్ని అతుక్కుంటాయి; సత్తు అసలు అతుక్కోదు, స్టీలు బరువులో మూడో వంతే ఉంటుంది కనుక చేత్తో ఎత్తితేనే తెలిసిపోతుంది. మెరిసే పాత కొళాయిని మాత్రం స్టీలు అనుకొని వదిలేయకండి: అయస్కాంతానికి అతుక్కోకపోతే ఒక మూల ఆకురాయితో గీయండి, పైపూత పోయి పసుపు రంగు కనిపిస్తే అది ఇత్తడి.

కుక్కరుకు పిడి, గ్యాస్కెట్టు, మరలు తీసివేసి సత్తును విడిగా పెట్టండి. సత్తును మళ్ళీ కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతమే చాలు. అయితే అందులో ఇనుప మరలు కలిసి కరిగితే ఆ లోహం నాణ్యత తగ్గుతుంది. మిక్సీ, ఫ్యాను మోటార్లలోని చుట్టను విప్పాక, తీగను చాకుతో గీకి చూడండి. పైకి రాగిరంగు పూత ఉన్నా లోపల తెల్లగా కనిపిస్తే అది సత్తు తీగే, ఈ మోసం చాలామందికి తెలియదు. వైర్ల తొడుగును చాకుతో చీల్చాలే తప్ప భోగి మంటలో వేయకూడదు, ఆ ప్లాస్టిక్ పొగ విషం.

ఇన్వర్టరు బ్యాటరీని విప్పకండి, ఆసిడ్‌ను కాలువలో పారబోయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం, వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే. బ్యాటరీల తయారీ మన తిరుపతి పక్కన కరకంబాడిలోనే సాగుతోంది. పాతదాంట్లోని సీసం శుద్ధి అయ్యాక మళ్ళీ బ్యాటరీకే పనికివస్తుంది. కొత్తది కొనే అంగడిలోనే పాతదాన్ని ఇచ్చి, బిల్లులో తగ్గింపు రాయించుకోండి. ఉబ్బిన ఫోను బ్యాటరీని ఏ సంచిలోనూ వేయకండి, నలిగితే మంట లేస్తుంది; దాన్ని ఈ-వ్యర్థాలు తీసుకునే చోట విడిగా ఇవ్వాలి.