ఎండలు ముదరకముందే మేడ మీది బోన్సాయ్‌ల సంగతి చూడండి

మా చింత బోన్సాయ్‌కి 22 ఏళ్ళు. గింజ నాటి పెంచిందే. ఎడమవైపు మొదటి కొమ్మ ఉండాల్సిన చోట ఇప్పుడు బెత్తెడు ఎండుపుల్ల ఉంది. ఆ కొమ్మ కోసం 9 ఏళ్ళు పట్టింది. ఏటా వానాకాలంలో మూరెడు సాగనివ్వడం, సంక్రాంతి దాటాక రెండు కణుపులు ఉంచి కత్తిరించడం, వంపు నిలవడానికి లోహపు తీగ చుట్టడం, బెరడు మీద ముద్ర పడకముందే విప్పడం. అలా చిటికెన వేలంత లావయింది. ఒక ఏప్రిల్‌లో నాలుగు రోజులు పెళ్ళికని కరీంనగర్ వెళ్ళొచ్చేసరికి పోయింది.

మొక్కల్ని మా వాచ్‌మన్‌కి అప్పజెప్పి వెళ్ళాను. "రోజూ పోసిన సార్, ఒక్క దినం తప్పలే" అన్నాడు. అబద్ధం కాదు. కింద పనులన్నీ తెమిలాక మధ్యాహ్నం ఒంటిగంటకి పైకొచ్చి పోశాడు, అంతే. మర్నాడు అదే వేళకి నేనే డాబా ఎక్కి, ఎండలో పడి ఉన్న పచ్చ పైపు తిప్పి కింద చెయ్యి పెట్టాను. తొలి అర బకెట్టు నీళ్ళు చెయ్యి పెట్టనివ్వలేదు. టీకి కాచిన నీళ్ళే అవి. రెండంగుళాల లోతు కుండీలో ఉన్న వేళ్ళకి నాలుగు రోజులు అవే పడ్డాయి. ఏ వేళకి పోయాలో చెప్పకుండా బస్సెక్కింది నేను, అతన్ని అనడానికేం లేదు. పైగా ఆ ఏడు మార్చి నెలాఖర్లో వేళ్ళు కత్తిరించి కుండీ మార్చాను. కొత్త వేళ్ళు ఇంకా పట్టుకోని చెట్టు అది.

మార్చిలో ఎందుకు మార్చానంటే, ఎక్కడో చలిదేశంలో యూ చెట్టుకి కుండీ మార్చే వీడియో చూసి. ఇప్పటికీ చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు కాబట్టి ముందు ఆ మాట చెబుతాను. యూ చలిప్రాంతాల చెట్టు. యూరప్‌లో, జపాన్‌లో, మన హిమాలయాల్లో పెరుగుతుంది. చాలా నెమ్మది, అందుకే ఒక్కో బోన్సాయ్‌ని పదుల ఏళ్ళు చెక్కుతూ కూర్చుంటారు. దానికి నిజమైన శీతాకాలం నిద్ర కావాలి, మన హైదరాబాద్ డిసెంబరు దానికి చాలదు. ఇక్కడ పెంచుదామని ఎవరైనా అంటే వద్దనే చెబుతాను. టోక్యోలో మార్చి పగటిపూట ఉండే చలి మనకి జనవరి తెల్లవారుజామున ఉంటుంది. వాళ్ళు మార్చిలో వేళ్ళు కోస్తే ముందు రెండు నెలల చల్లటి వసంతం ఉంటుంది. మనం కోస్తే ముందున్నది రోహిణి కార్తె.

ఇంకో తేడా. యూ చెట్టు ఆకు లేని ముదురు కొమ్మ నుంచి కూడా చిగురిస్తుంది. అది చూసి జునిపర్ అనే ఇంకో చలిదేశపు చెట్టుని కూడా మోడు దాకా నరికేసినవాళ్ళు ఉన్నారు. జునిపర్ కొమ్మ మీద పచ్చదనం మిగల్చకపోతే ఆ కొమ్మ తిరిగి రాదు. అసలు జునిపర్‌లు మన ఎండలకి ముందే సగం ప్రాణంతో ఉంటాయి. నర్సరీ మేళాల్లో అందంగా కనిపించి, రెండో వేసవికి చెత్తబుట్టలోకి వెళ్ళేవి ఎక్కువగా అవే.

కాబట్టి వేళ్ళ పనికి గడువు పెట్టుకోండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, కుండీ మార్చే పని కూడా అప్పటికి అయిపోవాలి. మిగిలిపోతే మృగశిర దాకా ఆపేయండి. నాంపల్లిలో చేప మందు పంచే రోజుల్లో రెండు మంచి వానలు పడ్డాక జువ్వి, రావి, మర్రి, చింత అన్నిటికీ హాయిగా మార్చుకోవచ్చు, అప్పుడు తేరుకోవడం కూడా తొందరగానే ఉంటుంది. కుండీ పగిలిపోయిందనుకోండి, వేరు మట్టి కదపకుండా, ఒక్క వేరు కూడా కోయకుండా ఉన్నదున్నట్టు వేరే పెద్ద కుండీలో దించండి. ఎడీనియం మాత్రం వేరే దారి. అది ఎడారి మొక్క, ఎండలోనే దాని ఉత్సాహం. దాన్ని కోసేటప్పుడు చేతులకి గ్లౌజులు వేసుకోండి, పాలు విషం. కంట్లో పడకుండా చూసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. (యూ కూడా అంతే, గింజ చుట్టూ ఉండే ఎర్రటి గుజ్జు తప్ప ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే.)

కొమ్మల కత్తిరింపు సంగతి. ఉగాది ముందూ వెనకా చింత లేతగా చిగురిస్తుంది. మా ఆవిడ ఆ చిగురు చూసినప్పుడల్లా "పప్పులోకి పిడికెడు వస్తుంది" అంటుంది, నేను కాపలా కాస్తాను. ఆ చిగురు గిల్లి ఆకారం తేవాలని నాకూ చేతులు లాగుతాయి. లాగనివ్వండి, గిల్లకండి. ఎండలో ఆకు గుబురే కొమ్మకీ కుండీకీ నీడ. గుబురు పల్చన చేస్తే ఇన్నాళ్ళూ నీడలో ఉన్న బెరడు మీద నేరుగా ఎండ పడి కాలుతుంది. జువ్వికి ఆకంతా దూసేసి చిన్న ఆకులు తెప్పించే పని కూడా వానలొచ్చేదాకా వద్దు.

ఇక నీళ్ళు. అసలు కథంతా ఇక్కడే ఉంది.

పొద్దున ఏడు లోపు ఒకసారి, సాయంత్రం ఆరు దాటాక ఒకసారి. ముందురోజు రాత్రే రెండు బకెట్లు నింపి నీడలో పెట్టుకోండి, నల్ల ట్యాంకులో నీళ్ళు సాయంత్రం దాకా వేడిగానే ఉంటాయి. పైపుతోనే పోయాలంటే చెయ్యి పెట్టి చూసి, వేడి నీళ్ళన్నీ పక్కకి పోనిచ్చాకే మొక్క వైపు తిప్పండి. ఒక్కసారి పోసి వెళ్ళిపోకండి. ఒక విడత పోసి, ఐదు నిమిషాలాగి, కింద కన్నంలోంచి నీళ్ళు కారేదాకా మళ్ళీ పోయండి. కొబ్బరి పొట్టు ఎక్కువున్న మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్ళు తాగదు, పైన తడిసినట్టు కనిపిస్తుంది, అంచుల వెంట జారిపోతుంది. లోపల పొడిగానే ఉంటుంది. అలాంటి కుండీని టబ్బు నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచి తీయాలి. మట్టి మీద వేసిన నాచు కూడా ఇదే మోసం చేస్తుంది. ఎండి అట్ట కట్టి నీళ్ళని లోపలికి పోనివ్వదు. ప్రదర్శనకి పెట్టేటప్పుడు నాచు అందమే, మార్చిలో తీసేయండి.

లోపల తడి ఉందో లేదో వేలితో తెలీదు. నేను వెలిగించిన అగరుబత్తి పుల్లల మొదళ్ళు దాచుకుంటాను. కుండీ అంచు దగ్గర ఒకటి లోపలిదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీసి చూస్తే ఎంత లోతు తడి ఉందో పుల్లే చెబుతుంది. మధ్యాహ్నం ఆకు వాలిపోయి కనబడితే కంగారుపడి నీళ్ళు కుమ్మరించకండి. ముందు పుల్ల చూడండి. మట్టి తడిగానే ఉంటే చెట్టు దాహంతో లేదు, వేడికి వేళ్ళు నీరు లాగలేకపోతున్నాయి. కుండీని నీడలోకి జరపండి, చాలు. మట్టి నిజంగా ఎండిపోయి ఉంటే మాత్రం సాయంత్రం దాకా ఆగక్కర్లేదు, చల్లటి నీళ్ళు అప్పుడే పోయండి. మధ్యాహ్నం పోస్తే చచ్చిపోతుందన్న భయం వేడి నీళ్ళ వల్ల వచ్చిందే.

బోరు నీళ్ళే దిక్కయిన కాలనీల్లో ఇంకో తలనొప్పి ఉంది. వేసవిలో బోరు లోతుకి పోయేకొద్దీ నీళ్ళలో ఉప్పు పెరుగుతుంది. కుండీ అంచున, కాండం మొదట్లో తెల్లటి పొర కట్టడం, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపెక్కడం దాని గుర్తులు. వారానికొకసారైనా నల్లా నీళ్ళు పట్టి ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోయేలా ధారాళంగా పోయండి. ఎరువు వేయాలనిపిస్తే వేపపిండి నానబెట్టిన నీళ్ళు బాగా పల్చన చేసి, అదీ తడి మట్టి మీదే.

ఎండ పడే తీరు చూడాలి. పడమటి ఎండ ఆకు కంటే కుండీని ఎక్కువ కాలుస్తుంది. నా కొమ్మ పోయింది పడమటి వైపుదే. సాయంత్రం నాలుగింటికి మీ కుండీ పక్కన అరచెయ్యి ఆనించి చూడండి, చెయ్యి నిలవకపోతే లోపలి వేళ్ళ పరిస్థితి ఊహించుకోవచ్చు. కుండీ చుట్టూ తడిపిన గోనె పట్టా కట్టండి. డాబా గచ్చు మీద నేరుగా పెట్టకుండా నాలుగు ఇటుకల మీద ఎత్తండి. పైన 50 శాతం ఎండని ఆపే షేడ్ నెట్ చాలు, 75 శాతం ఆపేది వేస్తే కణుపుల మధ్య దూరం పెరిగి ఏళ్ళ తరబడి దగ్గర చేసిన కొమ్మలు తీగలు సాగుతాయి. మార్చిలోనే కట్టేయండి, మే నెలలో ఆకు మాడాక కట్టి ఏం లాభం. కాగితం పూల చెట్టుకీ ఎడీనియంకీ నెట్ అక్కర్లేదు, వాటికి నీడ పెడితే పూలు తగ్గిపోతాయి.

తీగలు చుట్టి ఉన్న కొమ్మల్ని ఒక్కొక్కటిగా చూడండి. ఎండలో ఆ తీగ వేడెక్కి లేత బెరడుకి చురకలు పెడుతుంది. కొమ్మ నిలబడిందనిపిస్తే తీసేయండి. విప్పడానికి తిప్పకండి, చుట్టుకొక్క చోట కటర్‌తో ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయండి. అర అడుగు తీగ మిగుల్చుకుందామని విప్పబోయి కొమ్మ విరిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి వచ్చే గాలివాన మన ఊరికి కొత్త కాదు. పిట్టగోడ మీద బోన్సాయ్ పెట్టడం మానేయండి. మొక్క పోవడం సంగతి తర్వాత, నాలుగో అంతస్తు నుంచి ఐదు కిలోల పింగాణీ కుండీ సందులోకి పడితే కింద నడిచేవాళ్ళ గతేంటి? స్టాండు మీద ఉన్నవాటిని కుండీ కన్నాల్లోంచి తీగ దూర్చి చెక్కకి బిగించండి. వడగళ్ళకి షేడ్ నెట్ కొంత అడ్డం, కానీ అది నాలుగు మూలలా గట్టిగా కట్టి ఉండాలి. వదులుగా ఉంటే గాలికి కొట్టుకుని నెట్టే చిగుళ్ళన్నీ చిదిమేస్తుంది.

ఊరెళ్ళేటప్పుడు కుండీలన్నీ ఉత్తరం వైపు బాల్కనీలోకి దించి, తడి ఇసుక పోసిన ట్రేలో పక్కపక్కన పెట్టండి. మోటారు టైమర్‌ని ఒక్కదాన్నే నమ్మకండి, కరెంటు పోతే అదీ పోతుంది. మనిషికి అప్పజెబుతుంటే ఒకరోజు ముందే పైకి తీసుకెళ్ళి, మీ ముందే ఒకసారి పోయించండి. వేళ కాగితం మీద రాసి ట్యాప్ దగ్గర అంటించండి. ఇప్పుడు మా వాచ్‌మన్ నాకంటే బాగా పోస్తాడు.

పురుగుల్లో పిండినల్లి, ఎర్రనల్లి ఈ కాలానివే. వేపనూనె కొట్టాలంటే సాయంత్రం చీకటి పడేవేళ కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. కుండీలో చీమలు పుట్ట పెట్టాయంటే మట్టి ఎక్కువసేపు పొడిగా ఉంటోందని అర్థం.

తొలకరి పడగానే సంబరంగా నెట్ పీకేయకండి. జూన్‌లో వానకీ వానకీ మధ్య కాసే ఎండ మే ఎండకేం తీసిపోదు, నెలల తరబడి నెట్ కింద ఉన్న ఆకు ఒక్క పూటలో మచ్చలు పడుతుంది. మొదట పొద్దుటి ఎండ వైపు నెట్ ఎత్తండి, వారం పది రోజుల తర్వాత మిగతాది. నా చింతకి ఆ ఎండుపుల్ల అలాగే ఉంచాను, చింత కర్ర గట్టిది, తొందరగా కుళ్ళదు. దాని కిందనే కిందటి ఏడు వానల్లో కొత్త మొలక ఒకటి వచ్చింది. ప్రస్తుతం అగ్గిపుల్లంత లావు. ఈ వేసవికి దాన్ని తూర్పు వైపుకి తిప్పి పెట్టాను.