చికిత్స వద్దనే ఖైదీతో పని మొదలుపెట్టడం ఎలా

తీవ్రమైన వ్యక్తిత్వ రుగ్మత (ఆలోచనలు, ప్రవర్తన, ఇతరులతో సంబంధాలు దీర్ఘకాలంగా దెబ్బతినే మానసిక సమస్య) ఉన్న నేరస్థుల విషయంలో అసలు కష్టం వారిని చికిత్సకు ఒప్పించి, మధ్యలో మానేయకుండా చూడడంలోనే ఉంటుంది. మధ్యలో మానేసినవారు మళ్లీ నేరాల్లోకి వెళ్లే అవకాశం, పూర్తిచేసినవారి కంటే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంగ్లండ్‌లో 2009లో వెలువడిన నైస్ (చికిత్సలపై సూచనలిచ్చే జాతీయ ఆరోగ్య సంస్థ) మార్గదర్శకాలు సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మతకు, అంటే ఇతరుల హక్కులను పదేపదే ఉల్లంఘించే రకానికి, మందులను మామూలు చికిత్సగా వాడవద్దని చెప్పి, నేరచరిత్ర ఉన్నవారికి బృంద చికిత్సను సూచించాయి. కాబట్టి భారమంతా మాట మీద, మనిషి మీద పడుతుంది.

మొదటి సమావేశంలో నేరం గురించి గానీ, రోగనిర్ధారణ గురించి గానీ ఎత్తకండి. ఇలాంటివారిలో చాలామంది చిన్నతనంలో దెబ్బలు తిని, ఆదరించాల్సినవారి చేతిలోనే మోసపోయినవారు కనుక, సాయం చేస్తానంటూ వచ్చిన మనిషిని అనుమానించడం వారికి ఆత్మరక్షణ. చేతులు కట్టుకుని తలుపు దగ్గరే కూర్చున్నా అభ్యంతరం చెప్పకుండా, ‘ఇక్కడ మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది ఏమిటి?’ అని అడగండి. నిద్ర పట్టడం లేదంటే నిద్రతోనే, కూతురు ఉత్తరం రాయడం లేదంటే ఆ బాధతోనే మొదలుపెట్టండి.

ఏ మాటలు రహస్యంగా ఉంటాయో, ఏవి నివేదికలోకి వెళ్తాయో ఆ రోజే చెప్పాలి. తర్వాత మరొకరి ద్వారా తెలిస్తే పోయిన నమ్మకాన్ని తిరిగి సంపాదించడం దాదాపు అసాధ్యం.

మంగళవారం పది గంటలకు వస్తానంటే పదికే వెళ్లండి. సెలవు పెడుతున్నట్లయితే ముందుగా మీరే చెప్పండి. ఖైదీ రాకపోతే పేరు కొట్టేయకుండా, మర్నాడు అతని గది దగ్గరికి వెళ్లి కారణం అడగండి; తిట్టి పంపినా వచ్చే వారం మళ్లీ వెళ్లండి. నా దృష్టిలో ఈ పట్టుదల ఏ చికిత్సాపద్ధతికీ తీసిపోదు.

ఇంగ్లండ్‌లోని బకింగ్‌హామ్‌షైర్‌లో 1962 నుంచి చికిత్సా సమాజంగా (ఖైదీలు, సిబ్బంది కలిసి బతికే తీరే చికిత్సగా) నడుస్తున్న గ్రెండన్ జైలుకు ఖైదీలు తమ ఇష్టంతోనే వెళ్తారు; తోటివారే వారిని నిలదీస్తారు. సిబ్బంది చెబితే విననివాడు కూడా సాటి ఖైదీ మాటకు ఆలోచనలో పడతాడు. అయితే బృందంలోకి పంపేముందు, కోపం ఎక్కడ మొదలై ఎలా పెరుగుతుందో అతని మాటల్లోనే కలిసి రాసుకోవడం అవసరం.

ఒక ఉద్యోగిని దేవుడని, మరొకరిని శత్రువని అతను అంటుంటే ఆ ఇద్దరూ విడివిడిగా స్పందించకూడదు. వారానికోసారి సిబ్బంది అంతా కూర్చుని ఒకే మాట మీద నిలబడాలి. అతన్ని వేరే జైలుకు మారుస్తున్నప్పుడు, కొత్త చికిత్సకుడిని బదిలీకి ముందే పరిచయం చేయండి.