ఇంజిన్ పని చేయించాక ఐడిల్‌లో ఆగిపోతుంటే

ఇంజెక్టర్లనో, పంపునో, టర్బోనో మార్చాక డీజిల్ ట్రక్కు స్టార్ట్ అవుతుంది, యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ బాగానే ఉంటుంది, కాలు తీయగానే, అంటే ఐడిల్‌కి రాగానే, ఆగిపోతుంది. చాలామంది ముందు టర్బోనే అనుమానిస్తారు. ఐడిల్‌లో టర్బో చేసే పని దాదాపు ఏమీ ఉండదు, దాన్ని కాసేపు వదిలేయండి.

మొదట చూడాల్సింది డీజిల్ లైన్‌లో గాలి. పాత రాగి వాషర్లే మళ్ళీ వేసినా, ఫిల్టర్ సీలు సరిగ్గా కూర్చోకపోయినా పంపు ఆ సందులోంచి గాలి లాగుతుంది. డీజిల్ బయటికి కారకపోవచ్చు, అందుకే కంటపడదు. పంపుకు ముందు, అంటే తక్కువ ప్రెషర్ వైపు, ఓ అడుగు పొడవు పారదర్శకమైన పైపు కలిపి ఇంజిన్ నడిపి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే దొంగ దొరికినట్టే. డౌట్ ఉంటే శుభ్రమైన క్యాన్‌లోంచి నేరుగా డీజిల్ ఇవ్వండి. అప్పుడు ఐడిల్ నిలబడితే లోపం ట్యాంకు నుంచి వచ్చే లైన్లోనే.

గాలి లేదా? కామన్ రెయిల్ ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందేది) అయితే కొత్త ఇంజెక్టర్ల మీది కోడ్లు స్కానర్‌తో ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్లో) ఎక్కించారో లేదో అడగండి. ఎక్కువసార్లు మర్చిపోయేది ఇదే! తర్వాత ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే రిటర్న్ డీజిల్‌ను వేర్వేరు సీసాల్లో పట్టి పోల్చండి. ఒకదాంట్లో మరీ ఎక్కువ వస్తే అది ప్రెషర్ వదిలేస్తోంది.

పాత మెకానికల్ పంపయితే ఐడిల్ స్క్రూ, డీజిల్ చిమ్మే టైమింగ్ చూస్తే చాలావరకు తేలిపోతుంది.

కామన్ రెయిల్‌లో మాత్రం ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ నట్లు వదులు చేయకండి. ఆ డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.