డ్రెయిన్ బోల్ట్ దగ్గర ఆయిల్ కారడం ఎలా ఆగిందంటే

ఆయిల్ మార్చాక మా బైక్ డ్రెయిన్ బోల్ట్ (ఇంజిన్ కింద పాత ఆయిల్ వదిలే బోల్ట్) దగ్గర చుక్కలు కారుతుండేవి. ఇంకా బిగిస్తే ఆగుతుందని చాలామంది అంటారు. నిజానికి లీకు ఆపేది బోల్ట్ తల కింద ఉండే రింగు, అంటే వాషర్. పాతది విప్పి చూస్తే ఒకవైపు అణిగిపోయి, గోటికి తగిలేంత గాడి పడి ఉంది. కొత్త రాగి వాషర్ తెచ్చాను. బోల్ట్ కూర్చునే చోటు పొడిగుడ్డతో తుడిచి, ముందు వేళ్లతోనే మరలు ఎక్కించాను. అక్కడ ఉన్నది మెత్తని అల్యూమినియం. మర అడ్డంగా పట్టిందంటే పెద్ద ఖర్చే. తర్వాత బిగుతును కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంత బిగించాను. కుళాయి పైపులకు వాడే టెఫ్లాన్ టేపు మాత్రం దయచేసి చుట్టకండి. వాషర్ పని అది చేయదు, పైగా ముక్కలు ఊడి ఆయిల్‌లో కలుస్తాయి. ఇంజిన్ కాసేపు నడిపి, కింద కాగితం పరిచి రాత్రంతా ఉంచాను. ఒక్క మరక పడలేదు. ఇకపై ఆయిల్ మార్చినప్పుడల్లా వాషర్ కూడా కొత్తదే వేస్తాను.