వాక్యం చెప్పే అక్కలు గొంతు పోకుండా ఎలా చూసుకోవాలి?

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఆదివారం ఆరాధనలో, స్త్రీల కూడికల్లో వాక్యం చెప్పే అక్కలు, పాస్టరమ్మలు కొందరికి సోమవారానికల్లా గొంతు బొంగురుపోతుంది. "ఎంత భారంతో చెప్పిందో, గొంతే పోయింది" అని మెచ్చుకునేవాళ్ళూ ఉంటారు. దయచేసి ఆ మెప్పుకు పడిపోకండి. బొంగురుపోయిందంటే చాలాసార్లు స్వరతంత్రులు, అంటే గొంతులో స్వరం పలికించే మడతలు, వాచాయని అర్థం. హరికథ, ప్రవచనం చెప్పేవాళ్ళకూ ఇంతే.

ఆడవాళ్ళ స్వరతంత్రులు పొట్టివి. మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. మగవాళ్ళకైతే 120 దాకా. గంట ప్రసంగంలో సగం సేపే స్వరం పలికిందనుకున్నా 3 లక్షల 60 వేల సార్లు! అరిచేకొద్దీ ఆ తాకిడి గట్టిపడుతుంది.

1. ముందు మైకు చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పావుగంట ముందే వెళ్ళండి. అంతకుముందు మాట్లాడిన అయ్యగారి ఎత్తుకే స్టాండు వదిలేస్తే మీరు గడ్డం పైకెత్తాల్సి వస్తుంది, గొంతు బిగుసుకుంటుంది. కిందికి దించి, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టించుకోండి. మన మాట మనకు వినపడకపోతే తెలియకుండానే అరుస్తాం. "తమ్ముడూ, నా గొంతుకు కొంచెం పెంచు" అనడానికి మొహమాటం వద్దు. ప్రార్థనలో కీబోర్డు గట్టిగా మోగుతుంటే దాన్ని తగ్గించమనండి, దాని మీద పోటీకి వెళ్ళకండి.

2. పొద్దున్నుంచే నీళ్ళు తాగుతూ ఉండండి. మిరియాల కషాయం, తేనె హాయిగానే ఉంటాయి గానీ స్వరతంత్రులను తాకవు. తాకితే పొలమారుతుంది! నీళ్ళు ఒంటికి పట్టాకే వాటికి తడి అందుతుంది. ఉత్త నీటి ఆవిరి మాత్రం నేరుగా చేరుతుంది. నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం రోజున, అందులోనూ ఎండాకాలంలో, పెద్ద ప్రసంగం ఒప్పుకోకండి.

3. గొంతును సిద్ధం చేయండి. సగం గ్లాసు నీళ్ళలో స్ట్రా కొన రెండు వేళ్ళ లోతు ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అనండి. శ్రుతి మెల్లగా పెంచి, దించండి. రెండు మూడు నిమిషాలు చాలు.

4. వచనాలు వేరే అక్కతో చదివించండి. ఆ వ్యవధిలో ఒక గుక్క నీళ్ళు తాగండి. ఊరికే గొంతు సవరించుకునే బదులు గుటక వేయండి.

5. కూడిక అయ్యాక ఒక్కొక్కరికీ తల మీద చేయి పెట్టి గట్టిగా ప్రార్థించడం దగ్గరే అలసిన గొంతు పూర్తిగా దెబ్బతింటుంది. మెల్లగా, మామూలు గొంతుతో చేయండి. బిగబట్టిన గుసగుస కూడా భారమే.

ప్రసంగం మధ్యలో ఉన్నట్టుండి గొంతు పోతే అక్కడితో ఆపేసి, మౌనంగా ఉండి, వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. మింగడం కష్టమైనా, రక్తం పడినా, ఆయాసం వచ్చినా అంతే. బొంగురు మూడు వారాలు దాటినా ఆగకండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్ళకు రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. స్వరతంత్రుల మీద బొడిపెలున్నాయంటే ఆపరేషనేనని టెన్షన్ పడకండి. చాలామందికి స్పీచ్ థెరపీతోనే, అంటే గొంతు సరిగ్గా వాడడం నేర్పే శిక్షణతోనే, తగ్గుతాయి. వెళ్ళేటప్పుడు మీ ప్రసంగం రికార్డింగ్ ఫోన్లో తీసుకెళ్ళి వినిపించండి, మీరు గొంతు ఎలా వాడుతున్నారో వాళ్ళకు తెలుస్తుంది.